ముప్ఫై ఏడు డ్రైవర్లు

ఏప్రిల్ 24

అమ్మాయ్,

మేం క్షేమమని రాద్దామంటే ఇక్కడ క్షేమం లేదు. నీ క్షేమం అడుగుదామంటే నాకు మనసు రావడం లేదు. అందుకని నేరుగా విషయానికొస్తాను.

మీ అన్నయ్య కంప్యూటర్ మూగబోయింది. మా అక్కకి ఆపరేషనైతే రెండు రోజులు వెళ్లొచ్చాను. ఇరవయ్యో తారీఖున తిరిగొచ్చేసరికి ఆయన చెవులకి పెట్టుకునేది మెళ్లో వేసుకుని, కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నారు. ఏమైందని అడిగితే "ఉన్నట్టుండి మాట ఆగిపోయింది" అన్నారు. అంతే, ఇంకో ముక్క లేదు. తెర వెలుగుతూనే ఉంది, బొమ్మలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కనిపించి ఎవరికి లాభం? చూపులేని మనిషికి తెర మీదున్నది చదివి చెప్పే ఆ గొంతే కదా కంప్యూటరంటే.

అక్కడితో పోలేదు. చుక్కల మిషన్‌కి కూడా తెగులు పట్టింది. బ్రెయిలీ పేజీ కొట్టమంటే కాగితం నిండా చుక్కలు చల్లుతోంది. ఆయన వేళ్లు పెట్టి తడిమి, "ఇది ఏ భాషా కాదు" అని పక్కన పడేశారు.

తెర మీద ఓ మూల ఎర్ర డబ్బాలో రెంచీ బొమ్మ ఒకటి కొత్తగా పుట్టుకొచ్చింది. నొక్కి చూశాను. "మీ కంప్యూటర్‌లో 37 డ్రైవర్లు పాతబడ్డాయి, మార్చాం" అంటోంది. నేను వెయ్యలేదు. ఆయన వెయ్యరు. ఇంక మిగిలిందెవరు? ఈ నెల మూడో తారీఖున మా ఇంట్లో అలిగి, బ్యాగు సర్దుకునే ముందు దాని ఎదురుగా గంటసేపు కూర్చున్నది నువ్వే. నీ ఊళ్లో కూర్చుని మా కంప్యూటర్‌లోకి దూరే ప్రోగ్రాం పెట్టుకున్నదీ నువ్వే. ఎవరూ ముట్టుకోకుండా ఆ బాణం గుర్తు తెర మీద పాకుతుంటే నాకు ఒళ్లు జలదరించేది. అందుకే వచ్చిన రోజే నెట్ వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేశాను.

అంధుల బడి పెద్ద టీచరమ్మకి మే పదో తారీఖుకి సైన్సు పుస్తకం మూడు భాగాలూ, తొమ్మిది మంది పిల్లలకి తొమ్మిది ప్రతులు ఇస్తామని మాటిచ్చాం. రిపేరు షాపాయన్ని పిలిస్తే "అంతా తుడిచేసి కొత్తగా వేస్తా" అన్నాడు. అందులో మీ అన్నయ్య పదకొండేళ్ల చాకిరీ ఉంది. అతన్ని గుమ్మం దాకా సాగనంపి తలుపేసుకున్నాను.

చెడగొట్టిన చేత్తోనే బాగుచెయ్యి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్‌లో మనిద్దరం రెండో నిమిషానికల్లా కేకల్లోకి దిగుతాం. ఏం నొక్కాలో కాగితం మీద రాసి పంపు, నేనే చేస్తాను.

వదిన


ఏప్రిల్ 28

వదిన గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఎక్కడైనా "కాస్త చూడవూ" అన్న మాట కనిపిస్తుందేమోనని. కనిపించలేదు.

నేను ఏ రెంచీ బొమ్మా వెయ్యలేదు. ఆసుపత్రిలో రెండు వందల డెబ్బై కంప్యూటర్లు నా చేతికింద ఉన్నాయి. ఇలాంటి చెత్త ఎవరైనా వేసుకుంటే వాళ్లని పిలిచి గడ్డిపెట్టేదాన్ని నేనే. కొంపలంటుకున్నాయని బెదిరించి, కనిపించిన ప్రతి బటనూ నొక్కేవాళ్ల కోసం కాచుకుని కూర్చునే ప్రోగ్రాములవి. మీ ఇంట్లో కళ్లున్న మనిషి ఒక్కరే. నొక్కిందెవరో నేను వేరే చెప్పాలా?

ఇంకో మాట. ఆ రోజు నేను అలిగి వెళ్లలేదు, మీరు వెళ్లగొడితే వెళ్లాను. అన్నయ్య పళ్లెంలో ఏది ఎటువైపు ఉందో చెబుతుంటే, "ఆయనకి చేతులున్నాయిలే, నువ్వు చెప్పక్కర్లేదు" అని నా చేతిలో గరిటె లాక్కున్నారు. ఐదో ఏట నుంచి అన్నయ్యకి మెట్లు లెక్కపెట్టి చెప్పింది నేను. బడి పుస్తకాలూ, కాలేజీ పుస్తకాలూ, ఉద్యోగం దరఖాస్తులూ పదహారేళ్లు గొంతు బొంగురుపోయేలా చదివి వినిపించింది నేను. తరవాత తగుదునమ్మా అని వచ్చినవాళ్లు నాకు చేతుల సంగతి నేర్పుతున్నారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "బానే ఉన్నా, మీ వదినకే రాయి" అని పెట్టేశాడు. నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఏం చెప్పి పెట్టారో.

వైరు తగిలిస్తే నాకు పది నిమిషాల పని. మీకు పంతమే ముఖ్యమైతే రాసుకోండి. డ్రైవరంటే దుబాసీ లాంటివాడు. కంప్యూటర్ మాట స్పీకరుకి అర్థం కాదు, స్పీకరు మాట కంప్యూటర్‌కి అర్థం కాదు, మధ్యలో వాడుండి చెబుతాడు. మీ రెంచీ బొమ్మ పని తెలిసిన దుబాసీని గెంటేసి, ఊరూ పేరూ లేనివాణ్ణి కూర్చోబెట్టింది. తెర మీద అడుగున ఉన్న కిటికీ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కండి. డివైస్ మేనేజర్ అని వస్తుంది. అందులో సౌండ్ అన్న వరస తెరిచి, లోపలున్న పేరు మీద రెండుసార్లు కొట్టండి. డ్రైవర్ అన్న పేజీలో "రోల్ బ్యాక్ డ్రైవర్" అని ఉంటుంది. వెనకటివాణ్ణి మళ్లీ పిలవడమన్నమాట. నొక్కితే కారణం అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పండి, కారణాలు కల్పించడం మీకు కొత్త కాదుగా. చుక్కల మిషన్‌కీ అలాగే చెయ్యండి. తరవాత ఆ రెంచీని తీసెయ్యండి.

ఆడపడుచు


మే 2

అమ్మాయ్,

పద్నాలుగేళ్లుగా "నువ్వు" అన్నదానివి, కాగితం మీదకొచ్చేసరికి "మీరు" అన్నావు. తిట్టు కన్నా ఆ "మీరు"లోనే ఎక్కువ కారం ఉంది. నేర్పరివే.

నువ్వు చెప్పినట్టే చేశాను. రోల్ బ్యాక్ నొక్కాను, కారణం అడిగితే మొదటిదానికి గుర్తు పెట్టాను, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. పదకొండింటికి గొంతు వచ్చింది! వంటగదిలోంచి నాకూ వినిపించింది. మీ అన్నయ్య కుర్చీ ముందుకి లాక్కుని సాయంత్రం దాకా లేవలేదు. ఇరవై పేజీలు టైపు చేశారు. నేను లోపలే నీకు దండం పెట్టుకున్నాను, అబద్ధం ఎందుకు.

పొద్దున్న లేచి వేస్తే మళ్లీ మూగ. మళ్లీ చేశాను, మళ్లీ వచ్చింది, ఆపి వేసేసరికి మళ్లీ పోయింది. ఇది వైద్యమా, వేళాకోళమా? ఇక చుక్కల మిషన్ దగ్గర ఆ రోల్ బ్యాక్ బటన్ పాలిపోయి ఉంది. నొక్కితే ఉలకదు, పలకదు. నువ్వు రాసినట్టే రెంచీని కూడా తీసేశాను.

ఇప్పుడేం జరుగుతోందో చెబుతాను, విను. నేను సైన్సు పుస్తకం చదువుతుంటే, ఆయన చిన్నప్పటి చుక్కల పలక బయటికి తీసి ముల్లుతో ఒక్కో చుక్కా పొడుస్తున్నారు. కుడి నుంచి ఎడమకి, తిరగేసి పొడవాలి. రోజుకి ఎనిమిది పేజీలు, అదీ ఒక్క ప్రతి. మొన్నటికి చూపుడు వేలు కొసన బొబ్బ లేచింది. ఆ వేలితోనే చదవాలి ఆయన. ఇప్పుడు రాసింది సరిచూసుకోవడానికి కూడా లేకుండా పోయింది.

నీ ఉత్తరం ఆయనకి పొల్లు పోకుండా చదివి వినిపించాను, గరిటె సంగతితో సహా. దాచుకోవాల్సిన ఖర్మ నాకు లేదు. ఆయన విని, ముల్లు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

వదిన


మే 6

వదిన గారికి,

"రెంచీని తీసేశాను" అన్నారు. ఎలా తీశారు? తెర మీది బొమ్మని చెత్తబుట్టలోకి లాగారు, అంతేనా? గుమ్మానికున్న పేరు పలక పీకేస్తే ఇంట్లోవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతారా? అది లోపలే కాపురం పెట్టి ఉంది. ముందే దించుకున్న డ్రైవర్లని దాచిపెట్టుకుని, మీరు కంప్యూటర్ వేసిన ప్రతిసారీ నేను పిలిపించిన దుబాసీని తన్ని తగిలేసి, తన మనిషినే కూర్చోబెడుతోంది. ఆసుపత్రిలో ఆయాకి చెప్పినా ఈపాటికి అర్థమయ్యేది.

లేదా అర్థమయ్యే ఇలా చేస్తున్నారా?

ఉత్తరం చదివినప్పట్నుంచీ నాకీ ఆలోచన పోవడం లేదు, కనుక రాసేస్తున్నాను. కంప్యూటర్ మాట్లాడితే అన్నయ్యకి ఎవరి అవసరమూ లేదు. అది మూగబోతే ఆ ఇంట్లో మిగిలే గొంతు మీదొక్కటే. పేపరు మీరే చదవాలి, పుస్తకం మీరే చదవాలి, నా ఉత్తరం కూడా మీరే చదవాలి. మీ నోట్లోంచి రాని మాట ఆయన చెవిన పడదు. చుక్కల్లో రాద్దామంటే అవి కూడా నేర్చుకుని కూర్చున్నారు. వైరు బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం దేనికి వేశారో, ఎవరికి వేశారో మీ మనసుకి తెలియాలి.

సరే. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ప్రోగ్రాముల జాబితాలోకి వెళ్లండి. రెంచీ బొమ్మ అక్కడుంటుంది. తీసేసే ముందు దాని ఎదురుగా ఒక తేదీ ఉంటుంది, కంప్యూటర్‌లో దాన్ని వేసిన రోజు. అది చూసి నాకు రాయండి, దొంగెవరో తేలిపోతుంది. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. "నిజంగా తీసేస్తారా, ప్రమాదం సుమా" అని కాళ్లావేళ్లా పడుతుంది, కరగకండి. తరవాత టాస్క్ షెడ్యూలర్ తెరవండి. కంప్యూటర్ లేవగానే ఏ పని చెయ్యాలో రాసి ఉండే పట్టిక అది. అందులో కూడా రెంచీ పేరు కనిపిస్తే డిలీట్ చెయ్యండి. ఆ తరవాతే సౌండ్ రోల్ బ్యాక్. వరస తప్పితే మళ్లీ మొదటికే వస్తారు.

ఆడపడుచు


మే 11

అమ్మాయ్,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు నేను కంప్యూటర్ గది గడప తొక్కలేదు. నువ్వు గెలిచావనుకో.

పద్నాలుగేళ్లలో మొదటిసారి మీ అన్నయ్యకి ఒక ఉత్తరం పూర్తిగా చదవలేదు. ఆ గొంతు సంగతి రాసిన చోట ఆగిపోయాను. "తరవాత?" అన్నారాయన. "తరవాత మౌస్ ఎక్కడ నొక్కాలో రాసింది" అన్నాను. ఆయన చెవి సంగతి నీకు తెలుసుగా. ఎక్కడ మింగానో పట్టేసే ఉంటారు. నాతో అబద్ధమాడించావు. అది నీ ఖాతాలో రాసుకో.

మూడో రోజు ఆయన వేలికి గుడ్డ చుట్టుకుని పలక ముందు కూర్చోబోతుంటే చూడలేక, నువ్వు రాసిన వరసలోనే అంతా చేశాను. రెంచీ నిజంగానే కాళ్లావేళ్లా పడింది. నేను కరగలేదు. రెండో పట్టికలో అది మూడుచోట్ల ఉంది, మూడూ పీకాను. గొంతు వచ్చింది. నాలుగుసార్లు ఆపి వేశాను, నాలుగుసార్లూ పలికింది. చుక్కల మిషన్ మాత్రం ఇంకా పిచ్చిచుక్కలే కొడుతోంది.

ఇక నువ్వడిగిన తేదీ. ఏప్రిల్ పంతొమ్మిది.

ఇప్పుడేమంటావు? పద్దెనిమిది, పంతొమ్మిది మా అక్క మంచం పక్కన ఉన్నాను. కావాలంటే అక్కడి నర్సుని అడుగు. ఆ రోజుకి నెట్ వైరు ఇంకా గోడకే ఉంది. నేను ఊళ్లో లేనని తెలిసి, మీ అన్నయ్యొక్కరే ఉన్నారని తెలిసి, అక్కడ కూర్చుని దొంగలా దూరి వేసిపోయావు. పైగా నా మీద అంత పెద్ద మాట. పెద్ద టీచరమ్మ నిన్న మనిషిని పంపింది. మూడో భాగం వేరే చోట ఇచ్చేశారట, ఇంక ఆగలేమన్నారు. మూడో భాగంలోనే కంటి పాఠం ఉంది. అది తనే రాయాలని ఆయన ఆశపడ్డారు.

సంతోషమేగా.

వదిన


మే 14

వదినా,

దూరం నుంచి తెరిచే ప్రోగ్రాం ప్రతిసారీ తారీఖు రాసుకుంటుంది. నా వైపు తీసి చూశాను. ఆఖరుసారి మీ కంప్యూటర్‌లోకి వచ్చింది ఏప్రిల్ ఐదో తారీఖున, ఎనిమిది నిమిషాలు. ఆ కాగితం అచ్చుతీసి దీంతో పెడుతున్నాను. నమ్మితే నమ్ము, లేకపోతే చించెయ్.

ఆ ఎనిమిది నిమిషాలూ నేనేం బాగుచెయ్యలేదు, అదీ చెప్పేస్తున్నాను. ఇంట్లోంచి వెళ్లిపోయిన రెండో రోజు కదా. అన్నయ్య ఏదో టైపు చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో అక్షరం తెర మీదకొస్తుంటే, గదిలో పక్కనున్నట్టే అనిపించింది. దాన్ని దొంగతనం అంటానంటే అను.

కానీ పంతొమ్మిదిన నేను రాలేదు. నువ్వు ఊళ్లో లేవు. నర్సుని అడగక్కర్లేదు, నీ మాట నమ్ముతున్నాను.

మరి ఇంట్లో ఎవరున్నారు?

ఈ ముక్క రాసి పెన్ను పక్కన పెట్టాను. లేచి మంచినీళ్లు తాగొచ్చాను. ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వే అడుగు.

ఆడపడుచు


మే 18

అమ్మాయ్,

అడిగాను.

ఆయన అప్పుడే రెండో భాగం తొమ్మిదో పాఠం టైపు చేసి, చెవులకి పెట్టుకున్నది తీస్తున్నారు. "పంతొమ్మిదో తారీఖున ఇంట్లో ఎవరున్నారండీ?" అన్నాను.

"నేనే" అన్నారు. అడుగుతానని ఇన్నాళ్లుగా ఎదురుచూస్తున్నట్టు, అంత మామూలుగా.

"ఎందుకు వేశారు?"

"వారం నుంచి గొంతు నత్తినత్తిగా వస్తోంది. నీకు చెబితే చిట్టికి చెప్పొద్దంటావు. చిట్టికి చెబితే లోపలికొచ్చి అన్నీ తిరగేస్తుంది, నువ్వు నాతో వారం మాట్లాడవు. ఇద్దరూ లేని రోజు దొరికింది. నా పని నేనే చేసుకుందామనుకున్నా. వెతికితే ఒక పేజీ వచ్చింది. ముప్ఫై ఏడు డ్రైవర్లు పాతబడ్డాయని చదివింది. అన్నీ మార్చమన్నాను. ఒక్కోటీ లెక్క చెబుతూ పోయింది. ఇరవై రెండు అని, ఇరవై మూ... అంటుండగా ఆగిపోయింది."

"మరి చెప్పరేం? మేమిద్దరం నెల్లాళ్లుగా జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే వింటూ కూర్చున్నారా?"

అప్పుడు ఆయన అన్న మాట నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మొదటి రోజు భయపడే చెప్పలేదు. నువ్వు నీ ఉత్తరం పైకి చదువుకుంటూ రాశావు చూడు, 'నేను వెయ్యలేదు, ఆయన వెయ్యరు' అని, అది విన్నాక చెప్పబుద్ధి కాలేదు. చిట్టి కూడా అదే రాసింది, ఇంట్లో కళ్లున్నది ఒక్కరేనని. దొంగని పట్టుకోవడానికి ఇద్దరూ ఇల్లు పీకి పందిరేశారు. నేనొకణ్ణి ఇక్కడ కూర్చుని ఉన్నానని ఒక్కరికైనా అనుమానం వచ్చిందా? నేను చేశానంటే ఏం చేస్తారు మీరు? తిడతారా? తిట్టరు. 'పాపం, ఆయనకేం తెలుసు' అంటారు. దానికన్నా మీరిద్దరూ కొట్టుకుంటుంటే వినడమే నాకు నయంగా ఉంది."

నేనేమన్నానో తెలుసా? నోరు తెరిచి, "పోనీలెండి, పాపం" అనబోయాను. సగంలో ఆపుకున్నాను. ఆపుకున్నది కూడా ఆయనకి వినిపించింది. లేచి, గోడ పట్టుకోకుండా, వరండాలోకి వెళ్లిపోయారు.

నీకు ఇంకొకటి కూడా బాకీ ఉన్నాను. గొంతు సంగతి నువ్వు రాసింది అబద్ధమని రుజువు చేద్దామని నాలుగు కాగితాలు పాడుచేశాను. రుజువు కాలేదు. కంప్యూటర్ మూగబోయిన ఆ మూడు వారాలూ పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నేను చదవడం, ఆయన తలొంచుకుని వినడం... నాకు బాగుంది. నేను చెడగొట్టలేదు. కానీ బాగైన రోజు నాకు పెద్దగా సంతోషం కలగలేదు. నువ్వు ఇక్కడ లేకుండానే కనిపెట్టావు. అందుకే నువ్వంటే నాకు ఒళ్లు మంట.

వదిన


మే 21

వదినా,

నా సంగతి మాత్రం గొప్పదా? ఎనిమిది నిమిషాలని రాశాను. ఏప్రిల్ ఐదుకి ముందు ఎన్నిసార్లో రాయలేదు. ఆ లెక్క అడక్కు.

ఈ కింద రాసింది అన్నయ్యకి. ఒక్క మాట మింగినా నీకు నాకు మాటల్లేవు. గొంతు తగ్గించి కూడా చదవకు.

అన్నయ్యా, నువ్వు చేసింది గాడిద పని. కళ్లులేనివాడు చేసిన పని అనుకోకు, ఆసుపత్రిలో నాలుగు కళ్లవాళ్లు కూడా ఇదే గాడిద పని చేసి నా చేత చీవాట్లు తింటారు. దారిన పోయే పేజీ ఒకటి నీ కంప్యూటర్ చెడిపోయిందని చెబితే నమ్మేశావే, ఎలా తెలుసు దానికి? ముప్ఫై ఏడూ ఒకేసారి మార్చమన్నావే, చెడింది గొంతొకటైతే మిగతా ముప్ఫై ఆరూ నిన్నేం చేశాయి? మార్చే ముందు వెనక్కి రావడానికి ఒక గుర్తు పెట్టుకోవాలని తెలియదా? రీస్టోర్ పాయింటంటారు, నీ గొంతు ప్రోగ్రామే చదివి చెబుతుంది, ఎప్పుడైనా విన్నావా? పదకొండేళ్ల పని ఒక్క పెట్టెలో పెట్టి, రెండో చోట ఎక్కడా దాచుకోకుండా నిద్రపోతున్నావే, నువ్వేం మనిషివి? అన్నిటికన్నా పెద్ద తప్పు, నెల్లాళ్లు నోరు మూసుకుని కూర్చోవడం. నీ మౌనం వల్ల తొమ్మిది మంది పిల్లలకి పుస్తకం ఆలస్యమైంది. నీ వేలు బొబ్బెక్కిందని నాకు జాలి లేదు. చేసుకున్నావు, అనుభవించు.

చుక్కల మిషన్‌కి దాంతో వచ్చిన అసలు డ్రైవరు పెన్ డ్రైవ్‌లో పెట్టి పంపుతున్నాను. ఇప్పుడున్న మిషన్ పేరు డివైస్ మేనేజర్‌లో పూర్తిగా తీసేసి, వైరు ఊడదీసి, కంప్యూటర్ ఆపి వేసి, దీన్ని ఎక్కించి, అప్పుడు వైరు పెట్టాలి. అంతా కీబోర్డుతోనే చెయ్యొచ్చు, మీటలు విడిగా రాశాను. చేతనైతే నువ్వే చేసుకో. చేతకాకపోతే చేతకాదని నోరు తెరిచి చెప్పు.

చిట్టి


మే 27

అమ్మాయ్,

చదివాను. గొంతు తగ్గించలేదు. నిజం చెప్పాలంటే రెండుచోట్ల కాస్త పెంచాను కూడా.

"గాడిద పని" దగ్గర ఆయన ముఖం ఎర్రబడింది. "నిద్రపోతున్నావే" దగ్గర బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. చుక్కల పలక ఎగిరి కింద పడింది. "ఎవరనుకుంటోంది అది! నేను బళ్లో చేరేనాటికి దానికి మాటలే రావు! నాకు చెబుతుందా వెనక్కి రావడం!" అని ఇల్లు ఎగిరిపోయేలా కేకలేశారు. "అది రాసిన దాంట్లో తప్పేముందండీ?" అన్నాను. అప్పుడు నా మీద పడ్డారు. వైరు పీకి తాళం వెయ్యడానికి నువ్వెవరని, పళ్లెం దగ్గర గరిటె లాక్కోవడానికి నువ్వెవరని, పద్నాలుగేళ్ల జాబితా చదివారు. నేనూ ఊరుకోలేదు. పైవాటావాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు. పెళ్లయ్యాక మేమిద్దరం ఇలా సమానంగా పోట్లాడుకోవడం ఇదే మొదలు. నేను ఆయన్ని మధ్యలో ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు, ఆయన నన్ను అసలు వదిలిపెట్టలేదు.

సాయంత్రానికి "ఆ పెన్ డ్రైవ్ ఇలా ఇయ్యి. నువ్వు కాగితం చదువు చాలు, మౌస్ ముట్టుకున్నావంటే బాగుండదు" అన్నారు. ఒకచోట తప్పు మీట నొక్కారు. నాకు కనిపించింది. చెప్పలేదు. ఆయనే విని, వెనక్కొచ్చి, సరిచేసుకున్నారు. ఆ రెండు నిమిషాలు ఊరుకోవడం నా జన్మలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

మిషన్ పలికింది. మొదటి పేజీ బయటికి రాగానే ఎడమచేతి వేలితో తడిమి, మొదటి వాక్యం పైకి చదివారు. మూడు రోజుల్లో రెండు భాగాలూ తొమ్మిదేసి ప్రతులు అయ్యాయి. నిన్న బడికి తనే మోసుకెళ్లారు. పెద్ద టీచరమ్మకి ఆలస్యం తన వల్లే అయిందని చెప్పారట. ఆవిడ బాగా చీవాట్లు పెట్టిందని, మూడో భాగం తిరిగి ఇవ్వనని ఖండితంగా చెప్పిందని, ఇంటికొచ్చి ఎంతో గొప్పగా చెప్పారు.

పదకొండేళ్ల పనీ రెండో చోటికి ఎక్కించుకున్నారు. ఆ రెండోది ఎక్కడ పెట్టారో నాకు తెలియదు. బీరువా తాళంచెవి అడిగి తీసుకుని, వైరు తనే గోడకి తగిలించుకున్నారు. నువ్వు దూరం నుంచి వచ్చే ప్రోగ్రాం తీసేశారు. నీకు చెప్పమన్నారు, చెబుతున్నాను.

ఇవాళ పొద్దున్న దుమ్ము దులుపుదామని వెళ్లి, బడివాళ్ల ఉత్తరమేదైనా వచ్చిందేమో చూద్దామని కంప్యూటర్ వేశాను. ఊరికే ఒక గడి చూపించి, పాస్‌వర్డ్ అడిగింది. ఆయన్ని అడిగితే పేపరు విననివ్వమన్నారు. కంప్యూటర్ చేతే చదివించుకుంటున్నారులే, నా చేత కాదు.

పాస్‌వర్డేమిటో నాకు చెప్పలేదు. నీకు చెప్పారా?

వదిన


మే 31

వదినా,

నిన్న ఫోన్ చేసి అడిగాను. నాకూ చెప్పలేదు.

చిట్టి